సాంచాల హోరు, సువార్తమ్మ మైనం

"చెవిటోడు మిల్లుల పనికి ఎందుకొచ్చిండు?" అన్నాడు మేనేజరు.

ఆ మాట అనేటప్పటికి యోసేపు ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. గోదాము నుంచి పత్తి బేళ్లు తెచ్చే ఇనుప బండి, మిల్లు ఆవరణలోని పట్టాల మీద వెనక నుంచి వచ్చి అతని కుడి పాదం మీదుగా పోయింది. బండి తోస్తున్న హమాలీలు అరిచారు. గేటు దగ్గరి వాళ్లు అరిచారు. అవతల గోడ వారన బీడీలు కాల్చుకుంటున్న వాళ్లు కూడా లేచి అరిచారు. అంతమందిలో యోసేపు ఒక్కడికే ఏమీ వినిపించలేదు. చేతిలో అన్నం గిన్నెతో, తల వంచుకుని, పట్టాల మధ్య తన దారిన తాను నడుస్తూనే ఉన్నాడు.

అతని భార్య సువార్తమ్మ మేనేజరు గది ముందు వరండాలో నిలబడి ఉంది. ఆమె కూడా ఆ మిల్లులోనే పని చేస్తుంది. కాలు మానాక భర్తకు కూర్చుని చేసే పని ఏదైనా ఇమ్మని అడగడానికి వచ్చింది. మేనేజరు ఆమె మొహం చూడలేదు. పక్కనున్న మేస్త్రీ మొగిలయ్యతో మాట్లాడుతున్నట్టు, ఆమెకు వినపడేట్టు అన్నాడు.

"అందరు మొత్తుకున్నరట. వినకపోతే ఎవని తప్పు? చెవులు పనిచెయ్యనోణ్ణి ఇన్ని రోజులు పెట్టుకున్నం. ఇగ చాలు."

సువార్తమ్మ వరండా మెట్లు దిగింది. గేటు దాటి తాముండే శివనగర్ దారి పట్టాక, ఒళ్లంతా మంట పుట్టినట్టయింది. తోడు నడుస్తున్న, మిల్లులో తన పక్కనే పని చేసే సమ్మమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"మిల్లుకు వచ్చిననాడు ఆయన చెవులు మంచిగనే ఉండె గదా. మరి ఇప్పుడు చెవిటోడంటాన్రు. చేసిందెవలు, సమ్మక్కా?"

సమ్మమ్మ ఆమెను రోడ్డు పక్కకు లాగింది. ఆ సంగతి మిల్లులో అందరికీ తెలుసు. పైకి అన్నవాడు మాత్రం అప్పటిదాకా ఒక్కడూ లేడు.

సువార్తమ్మ, యోసేపులది వర్ధన్నపేట పక్క పల్లె. పెళ్లయిన కొత్తలో ఓరుగల్లుకు వచ్చారు. పల్లెలో ఉండగా యోసేపు చెలకలో నిలబడి, కంటికి కనపడని కౌజు పిట్ట ఏ పొద చాటున కూస్తున్నదో వేలు పెట్టి చూపేవాడు. మిల్లులో విభాగాన్ని ఖాతా అంటారు; అతనికి సాంచాల ఖాతాలో పని దొరికింది. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. రేకుల కప్పు కింద వందల సాంచాలు ఒక్కసారిగా ఆడతాయి. ప్రతి సాంచాలోనూ అడ్డ నూలు మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు తన్నుకుంటూ పోతుంది, మళ్లీ వస్తుంది. ఆ షెడ్డులో మనిషి మాట మనిషికి వినపడదు. పెదాలు చూసి, చేతులు చూసి అర్థం చేసుకోవాలి.

మొదట్లో యోసేపు ఇంటికి వచ్చి, చెవుల్లో గుయ్యిమంటోందని చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆ మాట మానేశాడు. అది తగ్గిందనుకుంది సువార్తమ్మ. తర్వాత్తర్వాత పిలిస్తే పలకడం మానేశాడు. ఆమె గొంతు పెంచింది. ఆమె గొంతు పెరిగేకొద్దీ, ఈ ఇంట్లో ఎప్పుడూ పోట్లాటేనని ఇరుగు పొరుగు అనుకున్నారు. చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు కాస్తా, ప్రసంగం అందడం లేదని ఆదివారాలు ఇంటిపట్టునే ఉండటం మొదలుపెట్టాడు. మిల్లులో దీన్ని ఎవరూ రోగమనేవారు కాదు. "మిల్లు చెవులు" అని నవ్వుకునేవారు. సాంచాలు నడిపే మగవాళ్లకు అది పనిలో అనుభవానికి గుర్తు కిందే లెక్క.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మిల్లులో రాత్రీ పగలూ ఖాకీ గుడ్డ నేస్తున్నారు. సువార్తమ్మ పని కండెల ఖాతాలో. నాడెలో పెట్టే కండెలకు అక్కడ ఆడవాళ్లు నూలు చుడతారు. సాంచాల షెడ్డుకూ వీళ్లకూ మధ్య ఉన్నది సగం గోడ. ఆ హోరంతా గోడ మీదుగా వీళ్ల మీదే పడుతుంది.

యోసేపు కట్టుతో మంచాన ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం చర్చిలో మౌన ప్రార్థన జరుగుతోంది. ఎక్కడో కీచురాయి అరుస్తున్నట్టు వినిపించి సువార్తమ్మ కళ్లు తెరిచింది. కిటికీ వైపు చూసింది, బెంచీ కిందికి చూసింది. పక్కనున్న లిదియాను మోచేత్తో పొడిచి, "కీచురాయి ఎక్కడున్నదే?" అని గుసగుసగా అడిగింది. లిదియా వింతగా చూసింది. "ఏ కీచురాయి? ఏం లేదు గదనే."

ఆ చప్పుడు తన ఎడమ చెవిలోపలే ఉందని సువార్తమ్మకు అర్థమైంది. భయం వేయాల్సిన చోట కోపం వచ్చింది. కాలూ చెవులూ ఆయనవి తీసుకున్నారు. ఇప్పుడు తన చెవులకు వచ్చారు. ప్రార్థన ముగియకముందే ఆమె లేచి బయటికి వచ్చేసింది.

తెల్లారి పనిలోకి పోగానే, పక్కనే గుట్టగా పడి ఉన్న దూది తీసి చెవుల్లో కుక్కుకుంది. హోరులో తేడా ఏమీ లేదు. దూదిని ఇంకా గట్టిగా చుట్టి పెట్టింది. అప్పుడూ అంతే. పొడి దూదిలోంచి గాలి పోయినట్టే చప్పుడూ పోతుందని తెలిసింది. సమ్మమ్మ అది చూసి, "ఏందే, చెవులల్ల పత్తి పండిస్తానవా?" అని చేతులతో సైగ చేసి నవ్వింది. సువార్తమ్మ నవ్వలేదు.

తర్వాత పాత చీర పేలికను మెలిపెట్టి చూసింది. అది చెవి గోడలను గీరింది. దూదిని ఆముదంలో ముంచి పెట్టింది. ఈసారి హోరు కొంత తగ్గింది. ఆ సంతోషంలో కొద్ది రోజులు అట్లాగే నడిపింది. అయితే ఆముదం మెడ మీదికి కారేది. గాల్లో ఎగిరే నూలు దుమ్మంతా ఆ జిడ్డుకు అంటుకునేది. ఇంకా తగ్గుతుందేమోనని దూదిని పుల్లతో లోపలికి నెట్టింది. చెవి వాచింది, చీము పట్టింది. తల ఒక పక్కకు తిప్పలేక మిషన్ దవాఖానకు పోయింది.

అక్కడి నర్సు మరియమ్మ వాళ్ల చర్చి మనిషే. గోరువెచ్చని నీళ్లతో చెవి కడుగుతూ, లోపలి నుంచి వచ్చిన జిడ్డు దూదిని చూసి తిట్టింది.

"చెవ్వనుకున్నవా, సీసా అనుకున్నవా? పుల్ల పెట్టి పొడుస్తవా? ఇంకింత పోతే పొర చినుగుతుండె."

"చినుగనియ్యక్కా. మిల్లుల రోజు చినుగుతాంది గద."

మరియమ్మ చెయ్యి ఆగింది. యోసేపు కాలికి కట్టు కట్టిన రోజున అతనితో మాట్లాడటానికి పడ్డ కష్టం ఆమెకు గుర్తుంది. నిదానంగా చెప్పింది. "ఫిరంగులు పేల్చే సిపాయిలు మైనం, దూది కలిపి పెట్టుకుంటరని డాక్టరమ్మ ఒకసారి అన్నది. నూనె వద్దు. లోపలికి నెట్టొద్దు. చెవి నోట్ల ఆగాలె, పట్టుకుంటె బయటికి రావాలె. చేతులు కడుక్కోని పెట్టుకో. ఒకళ్లది ఒకళ్లు పెట్టుకోవద్దు. ముందు ఈ చెవి ఎండనియ్యి."

చెవి ఎండేదాకా ఓపిక పట్టడం సువార్తమ్మకు అన్నిటికన్నా కష్టమైంది. మానాక, చర్చిలో కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అడిగి తెచ్చింది. అవి గట్టివి. వేడి చేస్తే నీరయ్యాయి, చల్లారితే పొడిపొడిగా విరిగాయి. ఆ కోపంలో వాటిని పొయ్యిలో వేసింది. మంచం మీంచి అంతా చూస్తున్న యోసేపు, పొయ్యి భగ్గున మండగానే, "ఏం జేస్తానవే?" అన్నాడు. తన గొంతు తనకు వినపడక, అవసరం లేనంత గట్టిగా అన్నాడు. ఆమె తన చెవిని చూపించింది, మిల్లు దిక్కు చూపించింది. అతనికి అర్థమైంది. "తేనె మైనం మెత్తగుంటది. చెప్పులు కుట్టెటోళ్లు దారానికి రాస్తరు," అన్నాడు.

పాకాల అడవుల నుంచి తేనె తెచ్చి అమ్మే ఆడవాళ్లు బజారులో కూర్చుంటారు. తేనె పిండగా మిగిలిన తుట్టెలు వాళ్ల దగ్గర ఉంటాయి. సువార్తమ్మ అవి తెచ్చి నీళ్లలో కాచి, గుడ్డలో వడగట్టింది. చల్లారాక నీటి మీద పసుపు పచ్చని మైనం పెచ్చు కట్టింది. అరచేతిలో పెట్టి పిసికితే ఒంటి వేడికే మెత్తబడింది. అందులో కొంచెం దూది విప్పి కలిపింది. దూది ఎక్కువైతే చప్పుడు దూరింది, తక్కువైతే తీసేటప్పుడు ముద్ద తెగింది. రెండు మూడు తీర్లుగా కలిపి చూసి ఏ పాళ్లలో కలపాలో పట్టుకుంది. తన ఎడమ చెవి రంధ్రం కుడిదానికన్నా చిన్నదని కూడా అప్పుడే తెలుసుకుంది. దేనికి తగ్గ ముద్ద దానికి చేసుకుంది.

ఆ ముద్దలు పెట్టుకుని కండెల ముందు కూర్చున్న మొదటి రోజు, సాంచాల హోరు ఎక్కడో వాగు అవతలికి పోయినట్టు అనిపించింది. సమ్మమ్మ దగ్గరికి వంగి ఏదో అంది. ఆ మాట వినిపించింది. హోరు పలచబడేసరికి పక్క మనిషి గొంతు పైకి తేలింది. సువార్తమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత సులువైన సంగతి ఇన్నేళ్లూ ఎవరూ చెయ్యలేదన్న ఉక్రోషంతో వచ్చిన కన్నీళ్లవి.

అప్పటిదాకా నవ్విన సమ్మమ్మే, "నాగ్గూడ చేసియ్యవే సెల్లె," అని అడిగింది. ఆ తర్వాత మరొకామె, ఆ పక్కామె. ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ల చేతే పిసికించింది సువార్తమ్మ. చేతులు కడుక్కోకుండా ముట్టుకుంటే తిట్టింది. కొద్ది రోజుల్లో కండెల ఖాతాలో సగానికి పైగా ఆడవాళ్ల చెవుల్లో పసుపు ముద్దలు కనిపించాయి. సాంచాల మగవాళ్లు గోడ మీంచి చూసి, ఇదేదో ఆడోళ్ల సింగారమన్నారు.

ఆ ముద్దలు మేస్త్రీ మొగిలయ్య కంట పడ్డాయి. అతనిది ఒక అలవాటు. పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ ఎవరైనా మాట్లాడితే, "ముంగటికొచ్చి మాట్లాడు," అని గద్దించేవాడు. పెద్దరికం చూపించుకుంటున్నాడని అందరూ అనుకునేవారు. అతను సువార్తమ్మకు ఎదురుగా నిలబడి చెవుల వైపు వేలు చూపించాడు.

"తీసెయ్. చెవులు మూసుకుంటె నేను పిలుస్తె ఇనవడ్తదా? బండి వస్తె ఇనవడ్తదా?"

"చెవులు తెర్సుకోని తిరిగిన యోసేపుకు ఇనవడ్డదా, మేస్త్రీ?"

చుట్టూ ఉన్నవాళ్ల చేతులు కండెల మీదే ఆగాయి. మొగిలయ్య మొహం నల్లబడింది. రేపటి నుంచి ఎవరి చెవుల్లో ఏదున్నా లోపలికి రానివ్వనని చెప్పి పోయాడు. అన్నట్టే చేశాడు. తెల్లారి నుంచి ఖాతా గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి తల తిప్పి చూసేవాడు. ముద్దలు తీయించి, గుమ్మం పక్కన ఇసుకలో పడేయించేవాడు. దుమ్ము పట్టిన మైనం మళ్లీ పనికిరాదు. సువార్తమ్మ ప్రతి సాయంత్రం కొత్తవి చేసేది, ప్రతి పొద్దున అవి ఇసుకలో పడేవి.

ఇంతలో సర్కారు ఇన్‌స్పెక్టరు మిల్లు చూడటానికి వస్తున్నాడని తెలిసింది. ఆ పొద్దున మొగిలయ్యే ఒక డబ్బా పట్టుకుని వచ్చాడు. అందులో నల్లటి రబ్బరు బిరడాలు, అన్నీ ఒకే కొలతవి. మేనేజరు తెప్పించాడట. అందరూ చెవుల్లో పెట్టుకుని కూర్చోవాలట, సాయంత్రం తిరిగి ఇవ్వాలట.

సువార్తమ్మ చెవుల్లో అవి నిలవలేదు, జారి ఒళ్లో పడ్డాయి. సన్నని చెవుల సమ్మమ్మకు అవి పట్టనే లేదు. మొగిలయ్య బొటనవేలితో నొక్కి పెట్టాడు. కాసేపటికి ఆమె చెవి తమ్మె మీదుగా సన్నగా నెత్తురు దిగింది. చీర కొంగుతో తుడుచుకుని తల వంచుకుంది.

షేర్వానీ వేసుకున్న ఇన్‌స్పెక్టరు మేనేజరు వెంట నడుస్తూ వచ్చాడు. ఆడవాళ్ల చెవుల్లో బిరడాలు చూసి తల ఊపాడు. అప్పుడు సువార్తమ్మ లేచింది. తన బిరడాలూ, సమ్మమ్మ చెవి నుంచి తీసిన నెత్తుటి బిరడా అరచేతిలో పెట్టుకుని ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"సాబ్, ఇవి ఇయ్యాల పొద్దుగాల ఇచ్చిన్రు. పొద్దుమూకి మళ్ల గుంజుకుంటరు. మా చెవులకు పట్టె మైనం మేం చేసుకుంటె మన్నుల పారేస్తాన్రు. జర చూడుండ్రి, ఇది నెత్తురు."

ఇన్‌స్పెక్టరు ఆగాడు. ఇదేమిటని మేనేజరును ఉర్దూలో అడిగాడు. కొత్త వస్తువు, ఈ ఆడవాళ్లకు ఇంకా అలవాటు కాలేదని మేనేజరు నవ్వుతూ జవాబు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఆ నెత్తుటి బిరడాను ఇంకోసారి చూసి, ముందుకు నడిచాడు. ఆయన చెవులు దివ్యంగా ఉన్నాయి. అంతా విన్నాడు. విని పోయాడు. సువార్తమ్మకు మేనేజరు మీద కన్నా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మరునాడు పొద్దున గేటు కాపలావాడు ఆమెను ఆపాడు. ఆమెకు పని లేదట, పొమ్మన్నారట. వెనకే వస్తున్న సమ్మమ్మ అది చూసింది. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి ఆమె. లోపలికి పోయి తన చోట కూర్చుంది గానీ కండె ముట్టలేదు. మొగిలయ్య వచ్చి అరిచాడు. ఆమె వాచిన చెవిని చూపించి చేతులు కట్టుకుంది. పక్కామె చేతులు కట్టుకుంది. అట్లా వరస వరసా ఆగిపోయింది.

కండెలు లేకపోతే నాడెలో నూలు ఉండదు. నూలు లేని సాంచా ఊరికే ఆడి ప్రయోజనం లేదు. ఉన్న కండెలు అయిపోయేకొద్దీ ఒక్కొక్క సాంచా ఆగుతూ వచ్చింది. గేటు బయట గోడకు ఆనుకుని కూర్చున్న సువార్తమ్మకు మిల్లు హోరు సన్నబడుతున్నట్టు అనిపించింది. తన చెవులే పోతున్నాయేమోనని మొదట అదిరిపోయింది. తర్వాత గేటు కాపలావాడు కూడా తల తిప్పి లోపలికి చూడటం కనిపించింది.

మధ్యాహ్నానికి ఆమెను లోపలికి పిలిపించారు. సాంచాల షెడ్డులోంచి నడిచింది. పట్టపగలు ఆ షెడ్డు అట్లా నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ చూడలేదు. మగవాళ్లు ఆగిన సాంచాల మధ్య నిలబడి, ఏం చెయ్యాలో తోచక ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. కృపానందం అనే పడుచు నేతగాడిని వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. అతను తిరగలేదు. మళ్లీ పిలిచారు. భుజం తట్టాక తిరిగి, అందరూ తననే ఎందుకు చూస్తున్నారో అర్థం కాక, "ఏందన్నా?" అన్నాడు. హోరులో ఉన్నన్నాళ్లూ ఎవరికీ వినపడదు కాబట్టి, ఎవరికి వినపడటం లేదో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. ఒక్కొక్కడి మొహంలో రంగు మారింది.

షెడ్డు మధ్యలో మొగిలయ్య సువార్తమ్మ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. అతని వెనక, కొద్ది దూరంలో, మేనేజరు గదిలోంచి వచ్చాడు.

"మొగిలయ్యా, ఆమెను ఇటు తోల్కరా."

మొగిలయ్య కదలలేదు. మేనేజరు గొంతు పెంచి ఇంకోసారి పిలిచాడు. షెడ్డులో అందరి తలలూ తిరిగాయి. మొగిలయ్య మాత్రం సువార్తమ్మనే చూస్తున్నాడు. జనం చూపులు గమనించి, ఏదో జరిగిందని పసిగట్టి, భయంభయంగా వెనక్కి తిరిగాడు. ముంగటికొచ్చి మాట్లాడమని అతను ఎందుకు గద్దించేవాడో ఆ క్షణంలో అందరికీ తెలిసిపోయింది.

కృపానందం మేనేజరు ముందుకు నడిచాడు. "ఈయన చెవిటోడే సాబ్. నేను గూడ చెవిటోణ్నే. ఎందరిని తీసేస్తరు?"

అతని వెనక ఇంకొందరు వచ్చి నిలబడ్డారు. ఖాకీ గుడ్డ బేళ్లు ఆ వారమే రైలెక్కాలి. మేనేజరు గోడ గడియారం చూశాడు, ఆగిన సాంచాలు చూశాడు. "మైనం పెట్టుకుంటె పెట్టుకోండ్రి. ఆమెను గూడ పనికి రమ్మనుండ్రి. కండెలు కావాలె," అన్నాడు.

"యోసేపు సంగతేంది?" అంది సువార్తమ్మ.

"అది వేరే ముచ్చట."

"వేరేదెట్లయితది? ఆయనకు కూసోని చేసే పని ఇచ్చేదాంక నేను కండె ముట్ట."

ఆమె ముట్టలేదు. కానీ ఆ సాయంత్రానికే మిగతావాళ్లు ఒక్కొక్కరే కండెల ముందు కూర్చున్నారు. వాళ్ల ఇళ్లల్లో పొయ్యిలు వెలగాలి. సమ్మమ్మ అందరికన్నా చివర కూర్చుంది, సువార్తమ్మ మొహం చూడలేక తల తిప్పుకుంది. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. ఇంకొన్ని రోజులు చూసి, చేసేది లేక, సువార్తమ్మ కూడా తిరిగి పనిలో చేరింది. వాళ్లను ఆమె ఏమీ అనలేదు. అననంత మాత్రాన లోపలి మంట తగ్గలేదు.

యోసేపు కర్ర ఊతంతో లేచాక కొత్తవాడలో నేల మీద పరిచే జంఖానాలు నేసేవాళ్ల దగ్గర చేరాడు. నూలు చిక్కులు తీసి, రంగుల వారీగా ఉండలు చుట్టే పని. చేతి మగ్గాలు కాబట్టి హోరు లేదు. హోరు లేని చోటికి వచ్చాడు గానీ వినడానికి చెవులు లేవు. ఆ మాట అతనే ఒకసారి భార్యతో, నవ్వబోయి నవ్వకుండా అన్నాడు.

ఒక రోజు పని దిగాక మొగిలయ్య సువార్తమ్మ ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడి, ఎదురుగా ఆమె పెదాలు కనపడేట్టు జరిగి, మైనం అడిగాడు.

"నీకెప్పటి సంది ఇనవడ్తలేదు?"

"చాన రోజులాయె."

"తెల్సి గూడ మా మైనం మన్నుల పారేస్తివి."

"చెవులు పోతానయని ఒప్పుకుంటె నా నౌకరీ పోదా, చెల్లె?"

సువార్తమ్మకు అతన్ని గడప దగ్గరి నుంచే తరమాలనిపించింది. యోసేపు లోపలి నుంచి చూస్తున్నాడు. ఆమె మైనం ముద్ద తెచ్చి మొగిలయ్య చేతిలో కొట్టినట్టు పెట్టింది.

"చేతులు కడుక్కోని పిసుకు. రెండు చెవులకు వేర్వేరు చేస్కో. మిగిలిన చెవులన్న దాసుకో. పో."

తర్వాత మేనేజరు మారాడు, నిజాం రాజ్యం పోయింది, మిల్లు గేటు మీద జెండా మారింది. రబ్బరు బిరడాల డబ్బా ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. సువార్తమ్మ ఎడమ చెవిలో రొద తగ్గలేదు, కుడి చెవి మాత్రం నిలిచింది. కండెల ఖాతాలో కొత్తగా ఎవరు చేరినా, నూలు ముడి వెయ్యడం నేర్పకముందే ఆమె వాళ్లను పక్కకు లాక్కుపోయి, తల వంచి చెవి చూసేది. అంత గట్టిగా పట్టుకోవడం, అంత కటువుగా మాట్లాడటం ఎవరికీ నచ్చేది కాదు. నొప్పిగా ఉందని ఒకామె గింజుకుంటే, సువార్తమ్మ ఆమె గడ్డం పట్టి తల తనవైపు తిప్పుకుంది.

"నొస్తె నొయ్యని. కదలకు," అని, అరచేతిలో మెత్తబడిన మైనాన్ని ఇంకొంచెం సన్నగా చేసి, మళ్లీ పెట్టి చూసింది.